ఇంకో ఏడాది ఆగండి

పిల్లల గదిలో కూర్చుని కమలాపండు ఒలుచుకోవడం కరస్పాండెంటుకి అలవాటు. బడి ఆయనది, గది ఆయనది, అడిగేవాళ్ళు లేరు. తొక్కలు వెయ్యడానికి చేతికందిన కాగితం లాక్కుంటాడు. ఆ రోజు లాక్కున్నది పోయినేడాది ఎవరో పిల్ల వేసిన బొమ్మ. పచ్చటి ఇల్లు, ఇంటికంటే పెద్ద కోడి. కోడి మీద గింజలు ఉమ్ముతూ, తర్వాతి వాళ్ళని పిలవమని టీచరుకు చెప్పాడు.

టీచరు అటు చూడకుండా పూసల పళ్ళెం సర్దింది. చిన్న తరగతిలో చేర్చుకునే ముందు పిల్లలు బడికి సిద్ధంగా ఉన్నారో లేదో చూసే పని ఎన్నో ఏళ్ళుగా ఆమెదే. పొట్టి బల్ల, పొట్టి కుర్చీలు, బల్ల మీద చెక్కముక్కలు, దారం, లావుపాటి పూసలు, మొన లేని కత్తెర, బొమ్మల అట్టలు. నిజానికి ఆమె వీటిని పెద్దగా పట్టించుకునేది కాదు. బిడ్డ తల్లి చెయ్యి ఎలా వదులుతుందో చూసేది. పూస చెయ్యిజారితే ఏడుస్తుందా, వంగి వెతుక్కుంటుందా, ఎవరో ఒకరు తీసిస్తారని ఎదురుచూస్తుందా? ఒంటేలు వస్తే నోరు తెరిచి చెప్పగలదా? అది చెప్పగలిగితే చాలు, మిగతావన్నీ బడిలోనే వస్తాయని ఆమె నమ్మకం. కరస్పాండెంటు చూపు వేరు. ఆయన పిల్లల్ని అసలు చూడడు. పెద్దవాళ్ళ చెప్పులు చూస్తాడు.

ఈసారి వచ్చింది ఒక తండ్రీ కూతురూ. తండ్రి చొక్కాకి ఇస్త్రీ మడతలు ఇంకా విప్పుకోలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడవబోయి, ఎవరూ విడవలేదని చూసి, మళ్ళీ కాళ్ళు దూర్చుకున్నాడు. పిల్ల జడలు ఒకటి చెవి పైన, ఒకటి చెవి కింద వేలాడుతున్నాయి. వాళ్ళమ్మ తెల్లారకముందే పనికి వెళ్ళిపోతుందనీ, తలదువ్వడం తన వంతేననీ అతనే చెప్పి కాస్త సిగ్గుపడ్డాడు.

పిల్ల నాన్న చెయ్యి వదిలి నేరుగా వచ్చి కూర్చుంది. పేరు చెప్పింది. ఇంట్లో మాత్రం గువ్వ అంటారనీ, కావాలంటే టీచరు కూడా అలా అనొచ్చనీ చెప్పింది. ఒక ఎర్రపూస, ఒక పచ్చపూస వరసగా గుచ్చింది. ఒకటి దొర్లిపోతే బోర్లా పడుకుని కరస్పాండెంటు కుర్చీ కిందనుంచి తీసుకొచ్చింది. పూసతో పాటు ఒక కమలాగింజ కూడా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది మీది తాతా. పడిపోయింది."

తర్వాత నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, గీత దాటకుండా ఒక గుండ్రటి ముక్క కత్తిరించింది. అంత నున్నగా కత్తిరించిన పిల్ల ఆ వారంలో ఎవరూ రాలేదు. టీచరుకు ముచ్చటేసింది.

కరస్పాండెంటు అప్పుడు తండ్రివైపు తిరిగి ఏం చేస్తుంటావని అడిగాడు. పెద్దాసుపత్రిలోనండి, అన్నాడతను. కాంపౌండరువా అని అడిగితే అతను జవాబు కోసం తడుముకున్నాడు. ఈలోపు గువ్వ తలెత్తకుండానే చెప్పేసింది.

"మా నాన్న చచ్చిపోయినవాళ్ళకి స్నానం చేయిస్తాడు. చలేస్తుందని దుప్పటి కూడా కప్పుతాడు."

కరస్పాండెంటు వేళ్ళు తొన మీద ఆగిపోయాయి. తండ్రి గొంతు తగ్గించి, మార్చురీలో పనండి, చాలా ఏళ్ళయింది, పర్మనెంటే, అన్నాడు. ఆ చివరిమాట దేనికి కలిపాడో టీచరుకు అర్థమైంది. ఫీజు కట్టగలనని చెప్పుకోవడం అది.

వాళ్ళని బయట కూర్చోమన్నాక కరస్పాండెంటు తొనని కాగితం మీద పడేశాడు. మొహం పుల్లటిది కొరికినట్టు పెట్టాడు.

"ఛీ. ఆ చేతులతోనే గదా పిల్లకి ముద్దలు పెట్టేది. మిగతా తల్లులకి తెలిస్తే మన మొహాన ఉమ్ముతారు. రెడీ కాలేదని చెప్పి పంపెయ్యండి."

పిల్ల చక్కగా చేసిందని టీచరు అంది. తల్లి చెయ్యి కోసం ఏడవని పిల్ల దొరకడమే కష్టమనీ, మిగిలిన ఒక్క సీటూ ఈ పిల్లకే ఇవ్వాలనీ అంది. ఆయన విననైనా వినలేదు.

"చెయ్యనీండి. మీరు చెబితే ఎవరికీ నొప్పి తెలీదు టీచర్. అంత అందంగా చెబుతారు. అందుకేగా మిమ్మల్నిక్కడ కూర్చోబెట్టింది." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఆ కుర్చీ ఫినాయిలు పెట్టి తుడిపించండి. పూసలు కూడా."

వరండాలో తండ్రి బెంచీ అంచున కూర్చుని ఉన్నాడు. గువ్వ కాళ్ళూపుకుంటూ నేలమీది గళ్ళు లెక్కపెడుతోంది. టీచరు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. పాప ఇంకా రెడీ కాలేదు, ఇంకో ఏడాది ఆగండి. మెల్లకన్ను పిల్లవాడికీ, విడిగా ఉండే తల్లిదండ్రుల పిల్లకీ, నత్తివాడికీ ఆమె చెప్పింది ఈ మాటే. మాట మీద ఎప్పుడూ మురికి కనబడలేదు, అంత తెల్లగా ఉతికి ఇచ్చేది.

మామూలుగా ఆ మాట విన్నవాళ్ళు తల దించుకుని లేచిపోతారు, లేదంటే గొంతు పెంచుతారు. ఇతను రెండూ చెయ్యలేదు.

"ఏం రాలేదండీ దానికి?"

అడిగిన తీరు డాక్టరు దగ్గర మందు పేరు అడుగుతున్నట్టుంది. చెబితే వెళ్ళి కొనుక్కొచ్చేసేలా ఉన్నాడు. అతన్ని అలా ఉత్తచేతులతో పంపడం మర్యాద కాదనిపించింది టీచరుకు. ఏదో ఒకటి చేతిలో పెట్టాలనిపించింది.

"కత్తెర," అంది. "కత్తెర పట్టడం ఇంకా సరిగ్గా రావట్లేదు. వేళ్ళకి బలం రావాలి."

గువ్వ కాళ్ళూపడం ఆపింది. టీచరు మొహంలోకి చూసి, తర్వాత తన వేళ్ళవైపు చూసుకుంది.

"అంతేనాండీ," అన్నాడు తండ్రి. అతని మొహం తేటపడింది. "అంతే అయితే నేర్పుతాను. థాంక్సండీ, విడమరిచి చెప్పారు."

వాళ్ళు గేటు దాటాక టీచరు పూసల్ని గిన్నెలో పోసి కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆయాకి చెప్పబుద్ధి కాలేదు. తనే ఫినాయిలు కలిపి, ఎర్రవీ పచ్చవీ దారంలోంచి ఒక్కొక్కటే ఊడదీసి, రుద్ది కడిగింది. ఆమె వెనకాల నిలబడి కరస్పాండెంటు మిగిలిన తొనలు తిన్నాడు. పూస రంధ్రాల్లో కూడా నీళ్ళు పోనివ్వమని చెప్పి, పెదాలు నాక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా వాసన పోలేదు. కంచం ముందు కూర్చుని ఒక ముద్ద నోటిదాకా తెచ్చి, వాసన తగిలి, దించేసింది. ఏమైందని భర్త అడిగాడు. చెప్పింది. ఆ కోడి బొమ్మ, ఆ గింజలు, కుర్చీ, పూసలు, అన్నీ చెప్పింది.

"మీ కరస్పాండెంటు పోతే ఆయనకి స్నానం చేయించేది ఎవరట?" అన్నాడు భర్త, ఆమెను నవ్విద్దామని. ఆమె నవ్వకపోయేసరికి, నువ్వు కాకపోతే ఇంకొకరు చెబుతారు, దానికి అన్నం మీద అలగడం ఎందుకని ఆమె కంచంలో కూర వడ్డించాడు. కత్తెర సంగతి మాత్రం ఆమె అతనికి చెప్పలేదు. చెప్పబోయి, నీళ్ళు తాగి ఊరుకుంది.

మర్నాడు కరస్పాండెంటు కూతురు తన కొడుకుని తీసుకొచ్చింది. వాడు పాలసీసా ఇంకా వదల్లేదు. తల్లి మెడ పట్టుకుని గుమ్మం దగ్గరే కేకలు మొదలుపెట్టాడు. దింపితే బల్ల కిందకి దూరాడు. చెక్కముక్క ఇస్తే విసిరికొట్టాడు. పూసలు చూపిస్తే నోట్లో పెట్టుకున్నాడు. టీచరు బల్ల కింద వాడి పక్కనే పడుకుని, నోట్లో వేలు పెట్టి పూస తీసి, పిల్లిలా మ్యావ్ అంది. వాడొక్క క్షణం ఏడుపు ఆపి చూశాడు. అంతలోనే ఒంటేలు పోసుకుని, తడి తగిలి మళ్ళీ ఎత్తుకున్నాడు. పాపం, వాడి తప్పేం లేదు. ఉత్త చంటిబిడ్డ. కరస్పాండెంటు మాత్రం చప్పట్లు కొట్టాడు.

"చూశారా పొగరు. సింహం."

నేలమీది తడి టీచరు మోచేతిదాకా పారింది. నిన్న పొడి కుర్చీకి ఫినాయిలు పట్టించిన మనిషి ఇవాళ అదే తడిలో చెప్పుకాలు పెట్టి నిలబడి, వంగి, మనవడి నోటికి కమలాతొన అందించాడు. వాడు చప్పరించి ఊసేసినదాన్ని తీసి తన నోట్లో వేసుకున్నాడు.

బాబు ఇంకా రెడీ కాలేదనీ, ఇప్పుడే కూర్చోబెడితే బడంటేనే భయం పట్టుకుంటుందనీ ఆమె చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ మాట నిజంగా చెప్పింది అప్పుడే కాబోలు, నోటికి కొత్తగా తగిలింది.

"మనవాళ్ళు రెడీ అవుతారు టీచర్. మీరు చేస్తారు," అన్నాడాయన. మిగిలిన సీటు వాడిదేనన్నాడు. కూతురు పిల్లాడి లాగు మారుస్తూ ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం చూసి, డబ్బున్నవాళ్ళ నిర్లక్ష్యం అనుకుంది టీచరు.

వారాంతంలో, పిల్లలు మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు, గువ్వ తండ్రి మళ్ళీ వచ్చాడు. కరస్పాండెంటు ఏదో పనిమీద బయటికెళ్ళాడు. అది తెలుసుకునే వచ్చాడో ఏమో. చేతిలో ఉబ్బిన సంచీ. పని మానుకుని వచ్చాననీ, ఒక్కసారి మళ్ళీ చూడమనీ అడిగాడు. టీచరు వాళ్ళని చప్పుడు చెయ్యకుండా పక్కగదిలోకి తీసుకెళ్ళింది.

అతను సంచీని బల్లమీద బోర్లించాడు. కాగితం ముక్కలు కుప్పగా పడ్డాయి. పాత న్యూస్‌పేపర్లు, మందుల డబ్బాల అట్టలు, సబ్బు కవర్లు. గుండ్రటివి, పలకలవి, చుక్కలు, చేపలు. మొదట కత్తిరించినవి నున్నగా ఉన్నాయి. తర్వాత్తర్వాతవి అంచులు చిరిగి, వంకరపోయి ఉన్నాయి. కొన్నింటిమీద గోధుమరంగు మరకలున్నాయి.

"పొద్దున్నా రాత్రీ చేయిస్తున్నానండి. వాళ్ళమ్మ కూడా వద్దంటూనే ఉంది. నేనే వదల్లేదు."

గువ్వ అతని కాళ్ళ వెనక నిలబడి ఉంది. బొటనవేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది. టీచరు మోకాళ్ళమీద కూర్చుని ఆ చెయ్యి అందుకుంది. పేలిక పుండుకి అంటుకుపోయింది. బొబ్బ వచ్చి, పగిలి, దానిమీదే మళ్ళీ కత్తెర ఆడింది.

ఏం చెయ్యాలో తోచక టీచరు పూసల పళ్ళెం దగ్గరికి జరిపింది.

"పూసలు గుచ్చుతావా గువ్వా? మొన్న గుచ్చావు కదా."

గువ్వ చెయ్యి లాక్కుని రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంది.

"నాకు రాదు."

"వచ్చు తల్లీ. ఎర్రదీ పచ్చదీ..."

"రాదు. నేను రెడీ కాలేదు."

తండ్రి కంగారుగా, చెయ్యమ్మా, టీచరుగారు అడుగుతున్నారు కదా, అంటూ పిల్ల భుజం మీద చెయ్యి వేశాడు. పిల్ల ఆ చేతికింద ముడుచుకుంది. చెయ్యి పడినందుకే అలా ముడుచుకున్న పిల్లల్ని టీచరు చాలామందిని చూసింది. ఈ పిల్ల మొన్న అలా లేదు.

అప్పుడు ఆమె చెప్పేసింది. పాపకి కత్తెర పట్టడం మొదటిరోజే వచ్చునని, ఆ రోజు వచ్చినవాళ్ళందరిలోకీ బాగా కత్తిరించింది తనేనని, తను చెప్పింది అబద్ధమని. అతని పని సంగతి విని కరస్పాండెంటు వద్దన్నాడని కూడా చెప్పింది. చెప్పాక అతను కేకలేస్తాడని కాచుకుంది. వేస్తే బాగుండునని కూడా ఉంది.

"అది తెలుసండీ," అన్నాడతను.

కాగితాల కుప్పని ఒక చేత్తో దగ్గరికి లాక్కున్నాడు.

"అది నాకు తెలీనిదేం కాదు. బస్సులో పక్కనున్నవాడు ఏం పనని అడుగుతాడు, చెబితే లేచి నిలబడతాడు. అలవాటే. ఇక్కడికి రాకముందు వేరే బళ్ళకి కూడా తిరిగాం. ఊరికే రెడీ కాలేదన్నారు. అర్థమైంది, వచ్చేశాను. మీరొక్కరే ఫలానాది రాలేదని చెప్పారు. అందుకే నమ్మాను."

టీచరు పూసల పళ్ళెం పక్కకి జరిపేసింది.

"నిన్న దీన్ని కొట్టానండీ. నొప్పిగా ఉంది నాన్నా, కొయ్యలేను అంది. వేషాలేస్తున్నావని ఒక్కటిచ్చాను. పుట్టినప్పట్నుంచీ దీనిమీద చెయ్యెత్తలేదు." అతను పిల్ల భుజం మీది చెయ్యి తీసేశాడు. "ఆయన సంగతి వదిలెయ్యండి. కత్తెర అని మీరెందుకన్నారు?"

"మీరు బాధపడతారని..." అంటూ మొదలుపెట్టింది టీచరు. తన గొంతు తనకే వినిపించింది. గేటు దగ్గర తల్లులతో మాట్లాడే మెత్తటి గొంతు. ఆమెకు అసహ్యమేసి ఆపేసింది.

అతను ముక్కలన్నీ సంచీలోకి ఎత్తుకున్నాడు. ఒక్కటీ వదల్లేదు. బల్లకింద పడినవాటిని గువ్వ ఎడమచేత్తో ఏరి ఇచ్చింది. వెళ్ళొస్తామని కూడా అనకుండా వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే టీచరు కరస్పాండెంటు గదికి వెళ్ళింది. కూతురు కూడా అక్కడే ఉంది, పిల్లాడు ఆమె ఒళ్ళో నిద్రపోతున్నాడు. ఇకమీదట పిల్లల్ని చూసే ఆ బల్ల దగ్గర తను కూర్చోనని టీచరు చెప్పింది. తరగతి చెబుతాను, ఆ మాట మాత్రం చెప్పను, వచ్చే తల్లిదండ్రులు అడిగితే ఎందుకు మానేశానో దాచను కూడా, అంది. బాబు రెడీ కాలేదనీ, ఆ సీటు మార్చురీలో పనిచేసే అతని కూతురిదనీ అంది. ఆయన నవ్వుతూ వినడం మొదలుపెట్టి మధ్యలో నవ్వు ఆపేశాడు. అడ్మిషన్లు నడుస్తున్న రోజులు. చిన్న తరగతికి వచ్చే తల్లుల్లో సగంమంది ఈమె పేరు విని వచ్చేవాళ్ళే.

ఆయన ఏదో అనబోతుంటే కూతురు అడ్డొచ్చింది.

"నాన్నా, వీడు రెడీ కాలేదు. నాకూ తెలుసు. మొన్నే అందామనుకున్నాను, మీ ఎదురుగా నోరు రాలేదు. ఇంకో ఏడాది నా దగ్గరే ఉంటాడు."

టీచరు ఆమెవైపు చూసింది. ఆమె చూడలేదు, పిల్లాడి చెమట తుడుస్తోంది. నిర్లక్ష్యం అనుకున్నది భయమని టీచరుకు అప్పుడు తెలిసింది.

కరస్పాండెంటు చాలాసేపు గోళ్ళసందుల్లోని కమలాతొక్క తీసుకుంటూ కూర్చున్నాడు. చివరికి సరే అన్నాడు. పిల్లని చేర్చుకోండి. కానీ మార్చురీ మాట ఎక్కడా రాకూడదు. తండ్రి ఆసుపత్రి ఉద్యోగి, అంతే. అతను గేటు ఛాయలకి రాకూడదు, తల్లే తెచ్చి దింపాలి. పిల్లకి కూడా ఆ స్నానాలూ దుప్పట్లూ మాట్లాడొద్దని నేర్పించండి.

టీచరు నోటికొచ్చింది మింగి, ఆ సరేని పట్టుకుని బయటపడింది.

తర్వాతి వారం సెలవురోజు పొద్దున్న పెద్దాసుపత్రికి వెళ్ళింది. దారంతా అతనితో ఏమనాలో మనసులో కూర్చుకుంటూనే ఉంది. సీటు వచ్చిందని చెబితే చాలు. షరతుల సంగతి ఇప్పుడే ఎందుకు, తర్వాత నెమ్మదిగా, నొప్పి తెలియకుండా... అక్కడిదాకా వచ్చి ఆమె నడక తడబడింది.

మార్చురీ ఆసుపత్రి వెనకవైపు, బట్టలు ఉతికే షెడ్డు దాటాక ఉంది. బయట చెట్టు కింద ఎవరో నలుగురు మాట లేకుండా కూర్చుని ఉన్నారు. కబురు పంపితే అతను రబ్బరు బూట్లతో బయటికొచ్చాడు. ఆమెను చూసి ఆశ్చర్యపడలేదు. తడిచేతులు ఏప్రానుకి తుడుచుకుని, ముట్టుకోనంత దూరంలో నిలబడ్డాడు. ఆ దూరం పాటించడం అతనికి బాగా అలవాటైన పనిలా ఉంది.

పాపకి సీటు ఇస్తామన్నారని చెప్పింది.

"ఊరికేనా?" అన్నాడతను.

ఊరికే కాదని చెప్పింది. గేటు సంగతి, తల్లే దింపాలన్న సంగతి, పాపకి నేర్పమన్న సంగతి, కరస్పాండెంటు అన్న మాటలు అన్నట్టే, ఏదీ మెత్తబరచకుండా చెప్పింది. చెబుతుంటే పళ్ళకింద రాయి పడ్డట్టే ఉంది. అయినా చెప్పింది. అతను అంతా విని చిన్నగా నవ్వాడు. అతను నవ్వగా చూడడం ఆమెకు అదే మొదలు.

"వద్దులెండి. మా వీధి చివర సర్కారు బడి ఉంది. మొన్న తీసుకెళ్ళాను. రేకులు కాస్త కారతాయంట. పోనీండి, గొడుగు కొంటాను."

"ఏమైనా అడిగారా?" అంది టీచరు.

"పేరడిగారు. చెప్పింది. లోపలికి రమ్మన్నారు."

లోపలినుంచి ఎవరో అతన్ని పిలిచారు. వస్తున్నానని కేకేశాడు. టీచరు గబగబా, గువ్వకి క్షమాపణ చెప్పుకోవాలని ఉందనీ, తప్పు తనదని పాపకి తన నోటితోనే చెప్పాలనీ, సాయంత్రం ఇంటికి రావచ్చా అనీ అడిగింది. కోపం లేదు అతని మొహంలో. నిజంగానే ఆలోచిస్తున్నాడు.

"మీరు మంచిమాటే అడిగారు. కానీ వద్దు మేడం. నిన్ననే మళ్ళీ ఏదో బొమ్మ గీసింది. మిమ్మల్ని చూస్తే ఇంకోసారి పరీక్ష అనుకుంటుంది."

"ఎప్పుడైనా, ఇంకొన్నాళ్ళు పోయాక?"

"చూద్దాం. దానికి ధైర్యం రానీండి."

తల ఊపి అతను లోపలికి వెళ్ళిపోయాడు. చెట్టు కింద కూర్చున్నవాళ్ళలో ఒక ముసలామె, టీచరు కూడా ఎవరినో పోగొట్టుకుని వచ్చిందనుకుని, కాస్త జరిగి పక్కన చోటిచ్చింది. టీచరు కాదని చెప్పబోయి, చెప్పలేక, కూర్చుంది.